ఎత్తని వేలు

కాశీబుగ్గ హైస్కూలు మైదానంలో
కొబ్బరిపీచు చాప పరిచి మేకులు దిగ్గొట్టాం.
ఆఖరి మేకు దొరకలేదు.
ఆ మూల చాప లేచి, పడి,
బంతి ఎటు పోతుందో దానికే తెలీదు.

జిల్లా ఆడపిల్లల ఎంపిక మ్యాచి.
డ్రిల్లు మేస్టర్ని నేనే, అంపైర్ని నేనే,
మంచినీళ్ళ బిందెకి కాపలా కూడా నేనే.
కుడి జేబులో ఆరు చింతపిక్కలు,
బంతికొకటి ఎడమ జేబులోకి.

బమ్మిడి నీలవేణి అప్పటికి పదమూడేళ్ళ గుంట.
తల్లి జీడిబట్టీలో పిక్కలు కొట్టేది,
సెలవుల్లో ఇదీ పక్కన కూచునేది.
జీడినూనె తిని తిని నల్లబడ్డ ఆ వేళ్ళు
ఎర్రబంతి మీద పడితే
గురివిందగింజలా ఉండేది.

బ్యాటు పట్టుకుంది. నాలుగు పరుగులు.
అవతల ఇచ్ఛాపురం పిల్ల, మడ్డు ఊర్మిళ,
చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తుకొచ్చి వేసింది.
దప్‌మని చప్పుడు. ప్యాడుకే.
పదకొండు గొంతులు నా మీదికి లేచాయి.
నేను వేలెత్తలేదు.

ఆ నాలుగు అరవైఒకటయ్యాయి.
సాయంత్రానికి నాలుగు వికెట్లు కూడా.
విశాఖ నుంచి వచ్చినాయన సిగరెట్టు పారేసి
పేరు రాసుకున్నాడు.

తర్వాతది మీకు తెలిసే ఉంటుంది.
పాస్‌పోర్టాఫీసు మిషను
ఆ పిల్ల వేలిముద్రల్ని పట్టుకోలేకపోయింది.
నాలుగుసార్లు తుడిచి, నాలుగుసార్లు నొక్కించారు.
గీతల్లేని ఆ వేళ్ళే
ఏదో చలిదేశంలో, ముక్కులు కారే మధ్యాహ్నం,
పది ఓవర్లు తిప్పి అయిదుగుర్ని ఇంటికి పంపాయి.
బస్టాండు పక్క సెల్లుల కొట్టులో
నిలబడే చూశాను. టీ చల్లారిపోయింది.

యాభై ఏడు వన్డేలు.
బ్యాటింగు చూసేవాళ్ళు బౌలరనేవారు,
బౌలింగు చూసేవాళ్ళు బ్యాటరనేవారు.
రెండు పడవలూ తనే తోసుకుంటూ పోయింది పాపం.
ఏడో నంబరులో దిగేసరికి
మిగిలేవి పద్నాలుగు బంతులు,
లేకపోతే మునిగిపోయిన మ్యాచి.
ఎడమ మోకాలు రెండుసార్లు కోశారు.
మూడోసారి కోయించుకోలేదు.
రిటైరైన వార్త జిల్లా పేజీలో
ఎరువుల ప్రకటన కింద పడింది.

ఇప్పుడు రైల్వేలో, పలాస స్టేషన్లో టిక్కెట్లు చూస్తుంది.
మునిసిపాలిటీ వాళ్ళు శాలువా కప్పిన రోజు
నన్నూ వేదికెక్కించారు.
"ఈ రత్నాన్ని మొదట గుర్తించింది నేనే" అన్నాను మైకులో.
చప్పట్లు కొట్టారు.

దిగాక దగ్గరికొచ్చింది, కాస్త కుంటుతూ.
"ఆ రోజు నానవుటే మేస్టారూ.
సరీగ్గా మద్దె వికెట్టు ముందర తగిలింది.
మీరెందుకు ఏలెత్తలేదో
పదారేళ్ళ్నించీ అడుగుదామనే ఉంది."

నవ్వాను.
నా మంచితనం అనుకోనిచ్చాను.

అసలు నేను చూళ్ళేదు.
బట్టీ గొట్టంలోంచి పొగ ఇటు తిరిగింది.
జీడిపొగ తెలుసుగా, కంట్లో కారం కొట్టినట్టే.
చప్పుడు విన్నాను, అంతే.
కళ్ళు తెరిచేసరికి
ఊర్మిళ రెండు చేతులూ పైకెత్తి నా వైపే చూస్తోంది.
చాలాసేపు అలాగే ఉంది.
తర్వాత చేతులు దించి
బంతిని పావడాకి తుడుచుకుంటూ
గీత దగ్గరికి నడిచింది.

మరుసటేడు మ్యాచికి రాలేదు.
ఆ పై ఏడూ రాలేదు.
సోంపేటలో ఉందన్నారొకరు. వెళ్ళి కనుక్కోలేదు నేను.
గురివింద తన నలుపెరగదంటారు.
ఎరుగుతుంది. అటు తిప్పి పెట్టుకుంటుంది.

ఇంకొకటుంది, ఎవరికీ చెప్పలేదు.
కళ్ళు నులుముకునే గాభరాలో
ఆ బంతికి చింతపిక్క మార్చడం మరిచిపోయాను.
ఆ ఓవర్లో ఊర్మిళ చేత ఏడు బంతులు వేయించాను.
నేను ఆరే చెప్పాను, పుస్తకంలో ఆరే రాశారు.

అవుటైన బంతి ఏ లెక్కలోనూ లేదు.